పాడుపెట్టిన ఇంటికి చల్లటి కప్పు

పెన్షనర్లు పాత కథ మొదలుపెడితే ఫైలు చంకలో పెట్టుకుని లేచి వెళ్లిపోవాలని మా ఆఫీసులో రాయని రూలు ఒకటి ఉండేది. వయసులో ఉన్నప్పుడు నేనూ అట్లా లేచి వెళ్లిపోయినదాన్నే. ఇప్పుడు కరీంనగర్‌లో మా ఇంటి వరండాలో కూర్చుని నేనే మొదలుపెడుతున్నాను కాబట్టి మీరూ లేచి వెళ్లిపోవచ్చు, ఏమీ అనుకోను. కాకపోతే కొత్తగా మున్సిపాలిటీల్లో చేరుతున్న పిల్లలు, మహిళా సంఘాల పని నెత్తిన పడినవాళ్లు, కాసేపు ఉంటే మంచిది. ఉద్యోగం మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయిన పని ఒకటే. అది కూడా చివరికి నా వల్ల అయింది కాదు.

నా ఉద్యోగం పేరు కమ్యూనిటీ ఆర్గనైజర్. జనం నోట్లో సీవో మేడం. వాడవాడ తిరిగి ఆడవాళ్లను సంఘాలుగా కూర్చోబెట్టడం, అప్పులు ఇప్పించడం, ఇప్పించినవి తిరిగి కట్టించడం. మధ్యలోదానికి దండం పెడతారు, చివరిదానికి తలుపు వేసుకుంటారు. నస్పూర్‌లో బొగ్గుబాయి కార్మికుల వాడల్లో చాలాకాలం తిరిగాను. రిటైర్మెంటు దగ్గరపడి, మోకాళ్లు నా మాట వినడం మానేశాక, ఒక నేతన్నల పట్టణానికి బదిలీ చేశారు. అక్కడ నడిచేవన్నీ మరమగ్గాలే. ఊళ్లో వాటిని సాంచాలంటారు. పొద్దున లేస్తే వాటి చప్పుడు, నిద్రపోయేటప్పుడూ అదే చప్పుడు. అవి ఆగిన రోజున ఊరికి నిద్రపట్టదు, ఎందుకంటే ఆ రోజు కూలి లేదు.

ఆ ఏడు మాకు ఒక కొత్త పథకం వచ్చింది. ఇళ్లకు చల్లటి కప్పు. రేకుల మీద ఎండను తిప్పికొట్టే తెల్లరంగు, రేకుల కింద వేడిని ఆపే పలకలు, కరెంటు తక్కువ తాగే ఫ్యాను. ఖర్చు ముందు మున్సిపాలిటీ పెడుతుంది. ఇంటివాళ్లు ఇంటిపన్నుతో పాటు కొద్దికొద్దిగా కొన్నేళ్లు కట్టాలి. కరెంటు బిల్లులో మిగిలేదే వాయిదాకు సరిపోతుందని లెక్క. లెక్క చెడ్డదేమీ కాదు. షరతులు మాత్రం రెండున్నాయి. ఒకే కప్పు కింద ఎన్ని కుటుంబాలుంటే అన్నీ కలిసి రావాలన్నది ఒకటి. ఇంట్లో మనుషులు కాపురం ఉండాలన్నది రెండోది. తనిఖీలో ఇల్లు ఖాళీగా కనిపిస్తే అప్పు రద్దు, పెట్టిన డబ్బంతా ఒక్కసారే వెనక్కి కట్టాలి. ఖాళీ ఇళ్లు చూపించి సర్కారు సొమ్ము తినే పెద్దమనుషులు ఎక్కడో ఉంటారు, వాళ్ల కోసం పెట్టిన షరతు అది. అట్లాంటి షరతు ఎప్పుడూ పేదవాడి కాలికే తగులుతుంది.

అసలు ఆ ఊరికి రేకులు ఎందుకొచ్చాయో చెప్పాలి. ఒకప్పుడు అన్నీ పెంకుటిళ్లే, లోపల ఎండాకాలమైనా కూర్చోగలిగేవాళ్లు. తర్వాత కోతులొచ్చాయి. కొండగట్టు గుడి దగ్గర అరటిపండ్లు తిని బతికే కోతులు వేరు, ఇవి వేరు. ఇవి పెంకులు ఒక్కొక్కటే ఊడదీసి, కింద వండిన కూర ఏమిటో చూసి, నచ్చకపోతే పెంకును గిన్నెలో పడేసి పోయే రకం. హనుమంతుడి బలగమని ఎవరూ గట్టిగా కొట్టరు. పెంకులు మార్చలేక జనం రేకులు వేసుకున్నారు. కోతులకు పని తప్పింది, మనుషులు ఉడకడం మొదలైంది. ఇదంతా మా పథకం కాగితంలో వాతావరణ మార్పు అని రాశారు. అది కూడా నిజమే కావచ్చు.

సరే, నేను చెప్పాల్సింది ఒక లైను గురించి. నాలుగు ఇళ్లు, గోడకు గోడ, పైన ఒకటే పొడుగు రేకుల కప్పు. నాలుగూ ఒకే కులం, దూరపు చుట్టరికం. రెండో ఇంట్లో ఉండేది మా సంఘం లీడరు. నోరున్న మనిషి, మనసు కూడా ఉన్న మనిషి, కాకపోతే నోరు ముందు వస్తుంది. మూడో ఇంటాయన సాంచాలు నడిపేవాడు, ఆమె బీడీలు చేసేది. వాళ్ల ఒక్క బిడ్డ పెళ్లయి మహారాష్ట్రలో భీవండిలో ఉండేది. నాలుగు ఇళ్లవాళ్లూ సంతకాలు పెట్టారు, అప్పు మంజూరైంది. పని మొదలయ్యే లోపల మూడో ఇంటాయన, సాంచా దగ్గర నిలబడ్డవాడు నిలబడ్డట్టే గుండె ఆగి పోయాడు.

ఆయన పోయిన నక్షత్రం మంచిది కాదని పంచాంగం చూసే అయ్యగారు చెప్పాడు. ఆర్నెల్లు ఇల్లు పాడుపెట్టాలన్నాడు. తెలియని పట్నం పిల్లలకు చెబుతున్నాను, పాడుపెట్టడమంటే ఇంటికి తాళం వేసి కుటుంబమంతా వెళ్లిపోవడం. ఆ గడువు తీరేదాకా ఎవరూ తలుపు తీయరు, దీపం పెట్టరు, మేకు కొట్టరు. చదువుకున్నవాళ్లు కూడా దీన్ని పాటిస్తారు. మా కమిషనర్ గారి ఇంట్లోనే పాటించారు. ఆయనకు పోవడానికి ఇంకో ఇల్లు ఉంది, అంతే తేడా.

మూడో ఇంటామెకు పోవడానికి ఇల్లు లేదు. అట్లాంటి ఇంటినుంచి వచ్చిన మనిషికి ఎవరూ అద్దెకివ్వరు. బిడ్డ దగ్గరికి పోదామంటే అక్కడ ఒక గదిలో వాళ్లే ఆరుగురు. చివరికి ఒక సాంచాల కార్ఖానా వెనక రేకుల చూరు కింద, నూలు చుట్టే ఖాళీ బాబిన్ల గోతాల పక్కన చాప వేసుకుంది. నేను చూడ్డానికి పోతే ఒళ్లో బీడీల చాట పెట్టుకుని కూర్చుని ఉంది. వేడిగాలికి తునికాకు ఎండిపోయి చుడుతుంటేనే చిట్లుతోంది.

"మేడం, జర మీరన్న చెప్పుండ్రి మావోళ్లకు. నా ఇంట్ల నేనుంట. ఆయనతోని ముప్పయ్యేండ్లు ఒక్క కంచంల తిన్న. సచ్చినంక నన్నేమన్న జేస్తడా?" అంది.

నేను లీడరుకు చెప్పాను. ఆమె రెండు చెవులూ మూసుకుంది. అప్పటికి ఆమె బిడ్డ కాన్పుకు తల్లిగారింటికి వచ్చి ఉంది. "నిండు చూలాలున్నది మేడం ఇంట్ల. పక్కింట్ల గా తలుపు తెరిస్తే ఏమైతదో ఎవలికెరుక? ఆర్నెల్లే గదా, ఓర్సుకోమనుండ్రి." పక్కవాళ్ల ఆర్నెల్లు ఎప్పుడూ చిన్నవిగానే కనిపిస్తాయి.

పని మొదలైంది. మేస్త్రీ ఆదిలాబాద్ వైపు మనిషి, ఆదివారం తప్పకుండా మెథడిస్టు చర్చికి పోతాడు. ఒకటి, రెండు ఇళ్లకు రంగు వేసి నిచ్చెన మూడో ఇంటికి జరిపేసరికి లైనులో ఆడవాళ్లంతా నిచ్చెన పట్టుకున్నారు. "మాకు గా పట్టింపు లేదమ్మా" అన్నాడతను. "నీకు లేదు, మాకున్నది" అన్నారు వాళ్లు. అతను నిచ్చెన ఎత్తి నాలుగో ఇంటికి పోయాడు. ఆ సాయంత్రం చూస్తే కప్పు తెల్లగా, తెల్లగా, తుప్పుగా, మళ్లీ తెల్లగా ఉంది. మా అసిస్టెంటు ఇంజనీరు, ఏఈ కుర్రవాడు, ఫోటో తీసి, మూడొంతుల పని పూర్తయిందని పైకి పంపేశాడు.

పిల్ల పుట్టింది. ఆడపిల్ల. ఎండలు ముదిరాయి. రంగు వేసి, పలకలు కొట్టి, కొత్త ఫ్యాను పెట్టినా లీడరు ఇల్లు చల్లబడలేదు. జనం నన్ను పట్టుకున్నారు, నేను ఏఈని పట్టుకున్నాను. అతను వేడి కొలిచే యంత్రం పట్టుకుని ఇంట్లోకి పోయి చొక్కా పిండుకుంటూ బయటకొచ్చాడు.

"మేడం, గోడలు కప్పుదాకా లేవు" అన్నాడు.

నిజమే. ఆ లైన్లలో మధ్యగోడలు మనిషెత్తు దాటి కాస్త పైకి పోయి ఆగిపోతాయి. పైన రేకు కింద నాలుగిళ్లకూ గాలి ఒకటే. ఒక ఇంట్లో పోపు పెడితే మూడిళ్లు తుమ్ముతాయి. మేస్త్రీ పలకలు కొట్టింది కూడా రేకుల వాలుకే, గోడల మీది సందు మూయలేదు. మూడో ఇల్లు కిటికీలతో సహా మూసేసి ఉండటంతో పొద్దంతా కాగి కాగి, ఆ వేడంతా అటూ ఇటూ గోడల మీదుగా పొంగిపోతోంది. పైగా పొద్దుగూకే వేళ చల్లబడే రేకులు టపటపమంటుంటే, పోయినాయన ఇల్లంతా తిరుగుతున్నాడని లైనంతా వణుకుతోంది. అది ఇనుము చప్పుడని ఏఈ చెప్పాడు. ఆయన కూడా నడిచేటప్పుడు అట్లాగే చప్పుడు చేసేవాడని వాళ్లు చెప్పారు. ఏఈ యంత్రం సంచిలో పెట్టుకున్నాడు.

ఒకరోజు లీడరు ఆఫీసుకొచ్చింది. ఎప్పుడూ గుమ్మంలోంచే అరుచుకుంటూ వచ్చే మనిషి, ఆ రోజు వచ్చి నేల మీద కూలబడింది.

"పిల్ల పెయ్యంత పొక్కులచ్చినయి మేడం. పాలు తాగుతలేదు, ఏడ్సుడు ఇడుస్తలేదు. దవఖాన్ల సల్లటి తావుల ఉంచుమన్నరు. ఏడికెళ్లి తేవాలె సల్లటి తావు? తాళం దీపియ్యుండ్రి. మేస్త్రీ పోయి రేకులకు గా పలకలు కొట్టి, రంగేసి రావాలె. మల్ల తాళమేస్తే అయిపాయె."

నాకు ఆ మాట విని ప్రాణం లేచివచ్చిందని ఒప్పుకుంటాను. తనిఖీ వచ్చే నెలలోనే ఉంది, మూడో ఇల్లు ఖాళీగా ఉంది, నా మెడ మీద ఆ కత్తి ఉంది. తలుపంటూ ఒకసారి తెరుచుకుంటే మిగతాది తర్వాత చూసుకోవచ్చని ఆశ. ఆటో మాట్లాడుకుని, లీడరును వెంటబెట్టుకుని కార్ఖానాకు పోయాను. తాళంచెవి అడిగితే ఇచ్చేస్తుందనే అనుకున్నాను.

మూడో ఇంటామె చేతిలోని బీడీకి దారం చుట్టడం పూర్తిచేసి, చాటలో పెట్టి, అప్పుడు తలెత్తింది. తాళంచెవి ఆమె కొంగుకే కట్టి ఉంది.

"తాళం దీస్త" అంది. "దీసినంక మల్ల వెయ్య."

"అంటే?" అంది లీడరు.

"అంటే, మేస్త్రీ పోయినంక నేను పోత. నా సాప, నా చాట, నా కుండ దీస్కొని పోత. గా ఇంట్ల మేస్త్రీకి ఏం గానిది నాకేమైతది?"

"గాయన వేరే మతమాయె వదినె!"

"మరి మా ఆయిన దెయ్యమై ఉంటే మతం అడిగి పట్టుకుంటడా?"

లీడరు ఏడుస్తూ, "నా మనుమరాలి మీద దయ లేదా నీకు?" అంది.

"ఉన్నది. గందుకే తాళం దీస్తనంటున్న. నా మీద నీకున్నదా?"

సాంచాల చప్పుడులో ఆమె గొంతు పెంచలేదు, మేమే ముందుకు వంగి విన్నాం. నేను ఏదో ఒకటి సర్దిచెప్పాలి, దానికే నాకు జీతం. సంఘాలకు శిక్షణలో చెప్పే మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. ఐకమత్యం, పరస్పర సహకారం, ఒకరికొకరు. అవన్నీ ఆ గోతాల మధ్య కూర్చున్న మనిషికి చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నాను. అంతకాలం ఉద్యోగంలో నేను చేసిన మంచి పనుల్లో అట్లా నోరుమూసుకున్నవే ఎక్కువ.

చివరికి లీడరు కళ్లు తుడుచుకుని లేచింది. "నీ ఇల్లు, నీ ఇష్టం. నువ్వుంటే మేముండం."

మర్నాడు మూడో ఇంటామె తాళం తీసింది. మేస్త్రీ గడప దగ్గర నిలబడి కళ్లు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకున్నాడు. ఆమె పసుపునీళ్లు చల్లుకుంది. ఎవరి జాగ్రత్త వాళ్లు తీసుకున్నాక పని మొదలైంది. పలకలు, రంగు, ఫ్యాను, అన్నీ చకచకా అయిపోయాయి. కప్పు ఆ చివరినుంచి ఈ చివరిదాకా తెల్లబడింది. ఏఈ యంత్రంతో నాలుగిళ్లూ తిరిగి వచ్చి, అంకెలు చూసుకుని, నా చేతులు పట్టుకుని ఊపాడు. నిజంగానే లోపల హాయిగా ఉంది. మధ్యాహ్నం వేళ రేకుల ఇంట్లో నిలబడి చెమట తుడుచుకోకుండా మాట్లాడటం ఆ ఊళ్లో నాకు అదే మొదటిసారి.

ఆ సాయంత్రానికే మిగిలిన మూడిళ్లకు తాళాలు పడ్డాయి.

కోపంతో కాదు, భయంతో. ఒక కుటుంబం కరీంనగర్‌లో చుట్టాలింటికి పోయింది. ఒక కుటుంబం బడి వరండాలోకి పోయింది. లీడరు తన బిడ్డను, పసిపిల్లను తీసుకుని ఎదురుగా రోడ్డవతల వాళ్ల చిన్నమామ ఇంటి అరుగు మీదికి చేరింది. ఆ అరుగుకు పడమటి ఎండ నేరుగా కొడుతుంది. చీర కట్టి అడ్డం పెట్టారు. చల్లటి కప్పు కింద ఒక్క మనిషి, ఎండలో ఒక పసిపిల్ల. మా పథకం ఆ ఊళ్లో సాధించిందేమిటో రోజూ పొద్దున ఆ రోడ్డు మీద నిలబడి చూసుకునేదాన్ని.

మూడో ఇంటామెను అడిగాను, ఎట్లా ఉందని.

"సల్లగున్నది మేడం. ఆకు సుత ఇప్పుడు పలుగుతలేదు" అంది. చాట పక్కకు జరిపి, "కని మాట్లాడెటందుకు మనిషి లేదు. గీ సల్లదనం ఏంజేసుకోవాలె నేను?" అంది.

లీడరు దగ్గరికి పోయి బతిమాలాను. తనిఖీ అయ్యేదాకా పగటిపూట అన్నా ఇళ్లు తెరిచి ఉంచమన్నాను. లేకపోతే డబ్బంతా ఒక్కసారే కట్టాల్సి వస్తుందని చెప్పాను. ఆమెకు ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. సాంచా కూలి మీద బతికే ఇల్లు, ఆ డబ్బు ఎక్కడ తెస్తుంది? అయినా తల అడ్డంగానే ఊపింది. "పైసలు పోతే మల్ల సంపాయించుకోవచ్చు మేడం. పిల్లకేమన్నయితే?" భయపడే మనిషికి వేడి కొలిచే యంత్రం చూపించి లాభం లేదు. నేను తిరిగి వచ్చేశాను.

తనిఖీ అధికారి హైదరాబాదు నుంచి వచ్చాడు. చెడ్డవాడు కాదు. అట్లాంటి ఊళ్లు అప్పటికే ఎన్నో చూసి విసిగిపోయిన మనిషి, భుజాన నీళ్లసీసా, చేతిలో మా కాగితాలు. లైను ముందు కారు దిగి, తెల్లటి కప్పు చూసి సంతోషించాడు. తర్వాత తాళాలు చూశాడు. ఒకటి, రెండు, నాలుగు.

"ఏంటి మేడం, ఎవరూ ఉండట్లేదా ఇందులో?"

ఏఈ నా వైపు చూశాడు. నేను రోడ్డవతలకి చూశాను. అరుగు మీద చీర పక్కకు జరిపి లీడరు నిలబడి ఉంది, పక్కన బిడ్డ, బిడ్డ భుజాన పసిపిల్ల. రోడ్డు ఎంతో వెడల్పు లేదు, ఇక్కడ మాట్లాడింది అక్కడికి వినబడుతుంది. అయినా వాళ్లు కదలలేదు. నిజం చెబితే మూడు కుటుంబాలు అప్పులో మునుగుతాయి. అబద్ధం చెబుదామంటే ఏ అబద్ధం చెప్పాలో తోచలేదు.

మూడో ఇంటామె గడప దాటి బయటికి వచ్చింది.

"ఉంటున్నరు సార్. అందరు ఉంటున్నరు. పెండ్లికి పోయిండ్రు" అంది.

"అందరూ ఒకేసారా?"

"మాదంత ఒకటే కులం, ఒకటే బలగం సార్. పెండ్లంటే లైను లైనే పోతది. ఎల్లుండికి మల్లొస్తరు."

అధికారి నమ్మలేదు. అతని ముఖంలోనే కనిపించింది. కాగితం మీద కలం పెట్టి, రాయకుండా ఆమె వైపు చూశాడు.

"మరి నువ్వెళ్లలేదేమమ్మా? నీదీ అదే బలగం కదా?"

"మొగడు పోయినదాన్ని. పెండ్లికి నన్నెవలు పిలుస్తరు సార్?"

అంత మామూలుగా అంది. ఏడవలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. ధర చెప్పినట్టు చెప్పింది. అతను తలదించుకున్నాడు. బొట్టు లేని ఆమె నుదురు చూశాక ఇక ఏం అడుగుతాడు? ఆమె ఇంట్లోకి పోయి కప్పు చూశాడు, యంత్రంలో అంకె చూశాడు, మిగతా మూడిళ్లకు బయటినుంచే టిక్కు పెట్టాడు. "సరేనమ్మా, వస్తాను" అని కారెక్కాడు. ఆమెను వెలివేసిన ఆచారమే ఆమెకు సాక్ష్యం పలికింది. ఆ సాక్ష్యంతో ఆమె తనను వదిలిపోయినవాళ్లను గట్టెక్కించింది. నేను ఆ గడప పక్కనే కూర్చున్నాను.

కారు మలుపు తిరిగాక లీడరు రోడ్డు దాటి వచ్చింది. వెనకే బిడ్డ, పసిపిల్లతో. ఇద్దరూ మూడో ఇంటి ముందు ఆగారు. నోరు ముందు వచ్చే మనిషికి ఆ రోజు నోరు రాలేదు.

"వదినె" అంది చివరికి. "జర మంచినీళ్లియ్యి."

చావు మైల తీరని ఇంట్లో, అందులోనూ పాడుపెట్టిన ఇంట్లో, మా వైపు ఎవరూ పచ్చి గంగ ముట్టరు. పగవాడు కూడా దాహమేసిందని ఆ గుమ్మం ముందు ఆగడు.

"గీ ఇంట్ల నీళ్లా?" అంది మూడో ఇంటామె.

"మరేడియి? గొంతెండుతున్నది. ఇయ్యి."

ఆమె లోపలికి పోయి కుండలోంచి చెంబు ముంచుకొచ్చింది. చెంబు నిండుగా ఉండి కొన్ని నీళ్లు గడప మీదే ఒలికాయి. లీడరు గడప లోపలికి ఒక కాలు పెట్టి, రెండు చేతులతో చెంబు అందుకుని, తల పైకెత్తి గటగటా తాగింది. తాగినంతసేపూ కళ్లు మూసుకునే ఉంది. తాగి, చెంబు మళ్లీ ముందుకు చాచింది.

"ఇంక జర పొయ్యి, వదినె. నా బిడ్డ సుత తాగుతది."